గాయం మాన్పింది ఆకా, ఆయింట్‌మెంటా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఔషధ మొక్కల ఆకుల సారాన్ని జంతువుల గాయాల మీద ఎలా పరీక్షిస్తారో చెప్పమని అడిగిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట పెట్టాం. కొన్ని ల్యాబ్ నుంచి, కొన్ని ఇంటి నుంచి వచ్చాయి.

ప్రశ్న: సార్, నేను ఫార్మకాలజీలో పీజీ చేస్తున్నాను. గడ్డి చామంతి ఆకుల ఇథనాల్ ఎక్స్‌ట్రాక్ట్‌తో 10 శాతం ఆయింట్‌మెంట్ తయారుచేసి ఎలుకల వీపు మీద చేసిన ఎక్సిషన్ గాయాలకి (చర్మం ముక్క కోసి తీసేసిన గాయాలు) పూశాను. 16వ రోజుకి ఏమీ పూయని గ్రూపులో గాయం 90 శాతం ముడుచుకుంది. ఉత్త బేస్ (ఆకు సారం కలపని ఆయింట్‌మెంట్) పూసిన గ్రూపులో 96 శాతం, ఎక్స్‌ట్రాక్ట్ గ్రూపులో 98 శాతం. మా గైడ్ గారు బాగా వచ్చింది, పేపర్ రాసేయమంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇది మంచి రిజల్టేనా?

జవాబు: మీ టెన్షన్‌లో అర్థముందమ్మా. పేపర్లో 98ని 90 పక్కన పెడితే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ మీ ఆకుని పోల్చాల్సింది ఏమీ పూయని ఎలుకతో కాదు, ఉత్త బేస్ పూసిన ఎలుకతో. అలా పోలిస్తే ఆకు వాటా 2 శాతం. మిగిలిన 6 శాతం బేస్ చేసిన పనే. మొదట్లో మీ గాయం 500 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాం (చాలామంది తీసుకునే సైజు అదే, సుమారు రెండున్నర సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం). 16వ రోజుకి ఎక్స్‌ట్రాక్ట్ గ్రూపులో 10, బేస్ గ్రూపులో 20, ఏమీ పూయని గ్రూపులో 50 చదరపు మిల్లీమీటర్లు మిగిలాయన్నమాట. 10కీ 20కీ మధ్య తేడా, చర్మాన్ని కొంచెం లాగి పట్టుకుని కొలిచినా వచ్చేస్తుంది.

ఉత్త బేస్ అంత పని చేస్తుందా అంటే చేస్తుంది. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేసి కొన్నింటిని పాలిథిన్ ఫిల్మ్‌తో కప్పితే, కప్పి తడిగా ఉంచిన వాటిలో కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. అక్కడ మందు లేదు, మాకు లేదు, తడి ఆరకుండా చూడటం ఒక్కటే. పారాఫిన్, ఊల్ ఫ్యాట్ కలిసిన సింపుల్ ఆయింట్‌మెంట్ కూడా గాయం మీద ఆ పని కొంత చేస్తుంది. అందుకే ఏమీ పూయని గ్రూపుతో మాత్రమే పోల్చిన పేపర్ ఎవరిదైనా సరే, ఎంత పెద్ద జర్నల్లో వచ్చినా సరే, నేను సగం నమ్మకంతోనే చదువుతాను.

ఇంకో సంగతి, 16వ రోజు అంకె దగ్గర ఆగిపోకండి. వయసులో ఉన్న ఆరోగ్యమైన ఎలుకకి మీరేమీ చేయకపోయినా ఆ గాయం మూడు వారాల అటూఇటూగా మూసుకుపోతుంది. ఆఖర్లో అన్ని గ్రూపులూ ఒకేచోటికి చేరతాయి కాబట్టి, ఆకు నిజంగా పని చేసిందో లేదో తెలిసేది 4 నుంచి 12 రోజుల మధ్య. ఆ రోజుల కొలతలు మీ దగ్గర ఉండే ఉంటాయి, వాటి గ్రాఫ్ గీయండి. ప్రతి రోజుకీ విడివిడిగా టి-టెస్ట్ (రెండు గ్రూపుల సగటుల్ని పోల్చే లెక్క) చేసుకుంటూ పోకుండా, రోజుల్నీ గ్రూపుల్నీ కలిపి చూసే రిపీటెడ్ మెజర్స్ పద్ధతి వాడండి. ఒక్కో ఎలుకకి రెండు గాయాలు చేసి ఉంటే వాటిని రెండు ఎలుకల కింద లెక్కేయకండి, వైవాలో మొదట దొరికేది అక్కడే.

గ్రూపుకి ఆరు ఎలుకలు అన్నది ఎందుకో అందరికీ అలవాటైపోయింది. 2 శాతం తేడాని ఆరింటితో తేల్చాలనుకోవడం అత్యాశ. ఆ సంఖ్యని ముందే, ఎంత తేడా పట్టడానికి ఎన్ని ఎలుకలు కావాలో చెప్పే పవర్ క్యాలిక్యులేషన్‌తో లెక్కగట్టి ఉండాలి. ఇప్పుడైతే ఉన్నదున్నట్టు రాయండి: బేస్ కంటే కొంచెం మెరుగు, తేడా చిన్నది, మళ్లీ చేసి చూడాలి అని. గైడ్ గారికి బేస్ గ్రూపు అంకె చూపించి మాట్లాడండి, కాదనే కారణం ఆయనకీ ఉండదు.

ప్రశ్న: గాయం కొలవడంలో మా ఇద్దరికీ, అంటే నాకూ మా జూనియర్‌కీ, ఎప్పుడూ తేడా వస్తోంది. ట్రేసింగ్ పేపర్ మీద గీసి గ్రాఫ్ షీట్‌లో గళ్లు లెక్కపెడుతున్నాం. ఏం చేయాలి?

జవాబు: గళ్లు లెక్కపెట్టడంలో పెద్ద తప్పు జరగదు, తప్పంతా ఎలుకని పట్టుకోవడంలో జరుగుతుంది. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది, కింద కండకి గట్టిగా అతుక్కుని ఉండదు. అది వీపు విల్లులా వంచి కూర్చుంటే గాయం గుండ్రంగా కనిపిస్తుంది, పొడుగ్గా సాగదీసి పట్టుకుంటే కోలగా అయిపోతుంది, వైశాల్యం మారిపోతుంది. కాబట్టి రోజూ ఒకే భంగిమ, వీలైతే తేలికపాటి మత్తులో బోర్లా పడుకోబెట్టి కొలవండి. గాయం పక్కన చిన్న స్కేలు పెట్టి, కెమెరా ఎత్తు మార్చకుండా పైనుంచి ఫొటో తీసి, ఇమేజ్‌జె లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అంచు గీస్తే ఆ ఫొటో సాక్ష్యంగా కూడా ఉంటుంది.

'జీరో డే' కొలత ఎప్పుడు తీశారన్నది కూడా రాసుకోండి. కోసిన చర్మం అంచులు వెనక్కి జరుగుతాయి, మొదటి రోజో రెండు రోజులో గాయం పెద్దదైనట్టు కనిపించడం మామూలే. ఒక గ్రూపుకి కోసిన వెంటనే, ఇంకో గ్రూపుకి మర్నాడు పొద్దున కొలిస్తే అక్కడే తేడా పుట్టేస్తుంది.

కొలిచే మనిషికి ఏ ఎలుక ఏ గ్రూపుదో తెలియకూడదు. ఆకు ఆయింట్‌మెంట్ ఆకుపచ్చగానో ముదురు గోధుమ రంగులోనో ఉండి గుట్టు బయటపెట్టేస్తుంది కదా అంటారేమో. అవును, పెడుతుంది. అందుకే పూసే మనిషి ఒకరు, ఫొటో తీసే ముందు గాయాన్ని సెలైన్‌తో తుడిచేది ఒకరు, కంప్యూటర్లో అంచు గీసేది మరొకరు అయితే మేలు. మీరు ఇద్దరున్నారు, మూడో మనిషిని పక్క ల్యాబ్ నుంచి టీ ఆశ చూపించి పిలవండి.

ప్రశ్న: ఎలుకలు ఆయింట్‌మెంట్ నాకేస్తున్నాయి. పర్వాలేదా?

జవాబు: పర్వాలేదు అనడానికి లేదు. మీరు పూసిన మందు కడుపులోకి పోతోంది, అంటే మీ ప్రయోగం సగం పూత, సగం తినిపించడం అయిపోయింది. పైగా ఎలుకల లాలాజలంలోనే గాయం మాన్పే గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. లాలాజల గ్రంథులు తీసేసిన ఎలుకల్లో గాయం నెమ్మదిగా ముడుచుకుంటుందని చాలాకాలం క్రితమే చూపించారు. రుచి బాగున్న ఆయింట్‌మెంట్‌ని ఎక్కువ నాకి, చేదుగా ఉన్నదాన్ని వదిలేస్తే మీరు కొలిచేది నాలుక పనితనాన్ని. కనీసం ఒక్కో ఎలుకని ఒక్కో బోనులో పెట్టండి, ఒకదాని గాయం ఇంకోటి నాకకుండా. గాయాన్ని మెడ వెనకాల, మూతి అందని చోట చేయడం, పైన పల్చటి డ్రెస్సింగ్ వేయడం ఇంకా మంచిది.

ప్రశ్న: నా థీసిస్‌లో హైడ్రాక్సీప్రోలిన్ (చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లం) బాగా పెరిగింది, కానీ ఇన్‌సిషన్ మోడల్లో (చర్మాన్ని గీతలా కోసి కుట్టే పద్ధతి) టెన్సైల్ స్ట్రెంత్, అంటే గాయాన్ని లాగి తెంచడానికి కావాల్సిన బలం, కంట్రోల్‌తో సమానంగానే ఉంది. కొల్లాజెన్ పెరిగితే బలం పెరగాలి కదా? ఎక్కడో పొరపాటు చేశానా?

జవాబు: పొరపాటు చేసి ఉండకపోవచ్చు. హైడ్రాక్సీప్రోలిన్ కొల్లాజెన్ ఎంత ఉందో చెబుతుంది, ఎంత బాగా అల్లుకుందో చెప్పదు. ఇటుకలు ఎక్కువ దించినంత మాత్రాన గోడ గట్టిదవ్వదు, సిమెంటు ఆరాలి. గాయంలో మొదట వచ్చేది ఎక్కువగా మూడో రకం సన్నటి కొల్లాజెన్. తర్వాత వారాలు, నెలల తరబడి అది మొదటి రకానికి మారుతూ, పోగుల మధ్య అడ్డ బంధాలు పడుతూ పోతే అప్పుడు బలం వస్తుంది. మీరు మామూలుగా చేసినట్టే 10వ రోజున లాగి తెంచి ఉంటే, అప్పటికి ఎవరి గాయానికైనా మామూలు చర్మం బలంలో చిన్న వంతే ఉంటుంది. ఎంత కాలం ఆగినా మచ్చకి మొదటి చర్మంతో పోలిస్తే సుమారు 80 శాతానికి మించి బలం రాదు కూడా.

అయితే ఒకటి సరిచూసుకోండి. హైడ్రాక్సీప్రోలిన్‌ని తడి కణజాలం బరువుకి లెక్కగట్టారా, ఎండబెట్టిన బరువుకా? గాయంలో వాపు, నీరు గ్రూపుని బట్టి మారతాయి. వాపు తగ్గిన గ్రూపులో తడి బరువు తగ్గి, కొల్లాజెన్ పెరగకుండానే మిల్లీగ్రాముకి ఇంత అన్న అంకె పెరిగిపోతుంది. ఎండబెట్టిన బరువుకి లెక్కేసి, పక్కనే కొల్లాజెన్‌ని విడిగా చూపించే మాసన్స్ ట్రైక్రోమ్ రంగు వేసిన స్లైడ్ పెడితే పోగులు ఒక వరసలో ఉన్నాయో చిందరవందరగా ఉన్నాయో పరీక్షకులకి కళ్లకే కనిపిస్తుంది. రెండు ఫలితాలూ కలవలేదని ఒకదాన్ని దాచేయకండి, థీసిస్‌లో చర్చించడానికి అంతకంటే మంచి విషయం దొరకదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ప్రాజెక్టుల పేరుతో ఎలుకల చర్మం కోసి, అవి బాధపడుతుంటే ఆకు పసరు పూసి చూడటం అవసరమా? కోపంగా అడుగుతున్నానని అనుకోకండి, అడగాలనిపించింది.

జవాబు: కోపంగా అడిగినా తప్పులేదు. కోత పూర్తి మత్తులోనే పెట్టాలి, అందులో రెండో మాట లేదు. చిక్కంతా మత్తు దిగాక వచ్చే నొప్పితో. నొప్పి తగ్గించే మందులు కొన్ని వాపు మీద కూడా పనిచేస్తాయి, వాపేమో గాయం మానడంలో మొదటి మెట్టు. ఆ సాకు చెప్పి చాలా పేపర్లలో నొప్పి మందు ఊసే ఎత్తరు. కానీ బ్యూప్రెనార్ఫిన్ లాంటి, వాపు దారిలో నేరుగా అడ్డుపడని మందులున్నాయి. అన్ని గ్రూపులకీ ఒకేలా ఇస్తే పోలిక కూడా చెడదు. నొప్పితో, భయంతో ఉన్న ఎలుకలో స్ట్రెస్ హార్మోన్లు పెరిగి గాయం మానడం ఆలస్యమవుతుంది కాబట్టి, జాలి సంగతి పక్కనపెట్టి లెక్క కోసం చూసినా నొప్పి మందు ఇవ్వాల్సిందే.

ఇక అవసరమా అంటే, రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే చెప్పిన మూడు సూత్రాలున్నాయి: జంతువు లేకుండా కుదిరితే అలా చెయ్యి, కుదరకపోతే తక్కువ జంతువులతో చెయ్యి, చేసినంతలో బాధ తగ్గించు. ఆకు సారంలో కనీసం పసుందో లేదో తెలుసుకోవడానికి ముందు స్క్రాచ్ అస్సే చేయొచ్చు. గిన్నెలో పెంచిన చర్మ కణాల పొర మీద సన్నటి గీత గీసి, ఆ ఖాళీని కణాలు ఎంత త్వరగా కప్పుతాయో 24 గంటలు ఫొటోలు తీసి చూడటమే. అక్కడే కణాలు చచ్చిపోతే ఎలుక దాకా వెళ్లే పనిలేదు. అప్పటికే పదిమంది చేసేసిన మొక్కని, అదే మోడల్లో, అదే 5 శాతం, 10 శాతం ఆయింట్‌మెంట్‌తో పదకొండోసారి చేసే ప్రాజెక్టులంటే నాకూ చిరాకే. వాటివల్ల సర్టిఫికెట్ తప్ప ఏమీ రాదు.

ప్రశ్న: సహజమైన ఆకు కదా సార్, చర్మం మీద టాక్సిసిటీ టెస్టులు కూడా ఎందుకు?

జవాబు: గోరింటాకు కంటే సహజమైనదేముంది? జి6పిడి (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్) లోపం ఉన్న పసిపిల్లలకి ఒళ్లంతా పట్టించినప్పుడు అందులోని రంగు పదార్థం లాసోన్ చర్మం గుండా లోపలికి వెళ్లి ఎర్ర రక్తకణాలు పగిలిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పైగా మీది మామూలు చర్మం కాదు, పైపొర లేని పచ్చి గాయం, ఏది పూసినా లోపలికి తేలిగ్గా పోతుంది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పరీక్షా మార్గదర్శకాల్లో 402 కింద చర్మం ద్వారా విషప్రభావం, 404 కింద చర్మం మంట చూసి, ఆ తర్వాతే గాయాల దగ్గరికి వెళ్లండి. 10 శాతం ఆయింట్‌మెంట్ 5 శాతం కంటే తక్కువ పనిచేసిందని రాసేవాళ్లు తరచూ కనిపిస్తారు, అక్కడ ఎక్కువ మోతాదు కొల్లాజెన్ తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాల్నే దెబ్బతీసిందేమో చూడాలి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్ ఉంది, కాలి మడమ దగ్గర పుండు పడి మానడం లేదు. ఫలానా ఆకు ఎలుకల్లో గాయాలు త్వరగా మాన్పిందని ఒక పేపర్ చూశాను. ఆకు నూరి కట్టమంటారా?

జవాబు: వద్దమ్మా, దయచేసి కట్టకండి. నాన్నగారిని ఈ వారమే డాక్టర్‌కి చూపించండి, వీలైతే షుగర్ పాదాల్ని ప్రత్యేకంగా చూసేవాళ్లకి. పుండు చుట్టూ ఎరుపు, వాపు, దుర్వాసన, జ్వరం ఉంటే వారం కూడా ఆగొద్దు, ఈ రోజే వెళ్లండి.

కారణం చెప్తాను. మీరు చదివిన ఎలుకల్లో చాలా వరకు షుగర్ లేని, వయసులో ఉన్న ఎలుకలు. వాటి గాయం ఎలాగూ మానేదే. పైగా ఎలుక గాయం ఎక్కువగా చర్మం దగ్గరికి ముడుచుకోవడం వల్ల మూతపడుతుంది, దాని చర్మం కింద అందుకు సాయపడే పల్చటి కండపొర ఒకటుంటుంది. మనుషుల్లో లోపల కొత్త కండ పూడి, పైన కొత్త చర్మం పాకాలి. ఈ తేడా తెలిసే 2004లో గలియానో బృందం చిట్టెలుక గాయం చుట్టూ సిలికాన్ రింగు కుట్టి, ముడుచుకోకుండా ఆపి, మనిషి గాయంలా మానేలా చేసే పద్ధతి చూపించారు. మీ చేతిలో ఉన్న పేపర్లో ఆ రింగు వాడారేమో చూడండి. వాడి ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం.

ఇంట్లో నూరిన ముద్దకీ ల్యాబ్ ఆయింట్‌మెంట్‌కీ పోలిక కూడా లేదు. ఎండిన ఆకులో పదో వంతు ఎక్స్‌ట్రాక్ట్ దిగుతుందనుకుంటే, 10 శాతం ఆయింట్‌మెంట్ 100 గ్రాములు చేయాలంటే 100 గ్రాముల ఎండుటాకు కావాలి, పచ్చిదైతే దానికి ఎన్నో రెట్లు. ఇంట్లో నూరేటప్పుడు ఆకుతో పాటు దాని మీది మట్టి, మట్టిలోని సూక్ష్మజీవులు కూడా పుండులోకి వెళ్తాయి. ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రిడియం బాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు) ఉండేది ఆ మట్టిలోనే. షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గితే లోపల చీము పట్టినా నొప్పి తెలియదు, తెలిసేసరికి ఎముక దాకా పోవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా శుభ్రమైన నీళ్లతో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టి, ఆ మడమ మీద బరువు పడకుండా చూడండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో గుర్తు చేసుకుని వెళ్లగానే చెప్పండి.

ప్రశ్న: వెటర్నరీ విద్యార్థిని. కొత్త కండ బాగా పెంచే ఆకు సారం ఉంటే గుర్రాల కాలి గాయాలకి వాడొచ్చా?

జవాబు: గుర్రం మోకాలి కింది గాయాలకి సరిగ్గా దాన్నే వాడకూడదు. అక్కడ కండ తక్కువ పెరగడం కాదు, అతిగా పెరిగి చర్మం అంచు దాటి పైకి ఉబికి రావడం అసలు సమస్య. కొత్త చర్మం ఆ గుట్ట ఎక్కి పాకలేదు, గాయం తెరుచుకునే ఉంటుంది. ఎలుక డెడ్ స్పేస్ మోడల్లో (చర్మం కింద ఖాళీ చేసి అందులో పెరిగే కణజాలాన్ని చూసే పద్ధతి) గ్రాన్యులేషన్ కణజాలం, అంటే ఆ కొత్త కండ, బరువు పెరిగిందని సంబరపడే ముందు, ఏ జంతువు, ఏ చోటు అని అడగాలి. పాలిచ్చే పశువులకైతే పూసిన మందు పాలలోకి వస్తుందా అన్న ప్రశ్న కూడా ఉంటుంది.

ప్రశ్న: ఇన్ని మొక్కల్ని పరీక్షించారు, ఒక్క ఆకైనా నిజంగా మందుగా బయటికొచ్చిందా? లేక అన్నీ ఎలుకల దగ్గరే ఆగిపోయాయా?

జవాబు: చాలావరకు ఎలుకల దగ్గరే ఆగిపోయాయి. కానీ అన్నీ కాదు. వాము ఆకు మొక్క (ప్లెక్ట్రాంథస్ ఆంబోయినికస్), సరస్వతి ఆకు (సెంటెల్లా ఏషియాటికా) నుంచి తీసిన సారాలతో ఓఎన్101 అనే క్రీము తైవాన్‌లో తయారైంది. షుగర్ వల్ల పాదంలో పుండు పడిన 236 మంది మీద పరీక్షించారు. 16 వారాల్లో పుండు పూర్తిగా మూసుకుపోయినవాళ్లు క్రీము వాడినవాళ్లలో 60.7 శాతం, డ్రెస్సింగ్ వాడినవాళ్లలో 35.1 శాతం. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. ఇక్కడ కొలిచింది ఎన్ని శాతం ముడుచుకుంది అని కాదు, పూర్తిగా మూసుకుందా లేదా అని. అది గమనించండి. అయితే పోలిక డ్రెస్సింగ్‌తో పెట్టారు, సారం లేని ఉత్త క్రీముతో కాదు. కాబట్టి ఇందులో క్రీము వాటా ఎంత, ఆకుల వాటా ఎంత అని మొదటి ఉత్తరం రాసిన అమ్మాయి అడిగితే ఆ ప్రశ్న ఇక్కడా నిలబడుతుంది.

ఆ ప్రశ్నకి తట్టుకుని నిలబడినది ఆకు కాదు, బెరడు. బర్చ్ చెట్టు బెరడు సారాన్ని పొద్దుతిరుగుడు నూనెలో కలిపి చేసిన జెల్‌ని, ముట్టుకుంటే చర్మం ఊడిపోయే ఎపిడెర్మోలైసిస్ బులోసా రోగుల గాయాలకి పూసి, సారం లేని జెల్‌తో పోల్చారు. 45 రోజుల్లో ఎంచుకున్న గాయం పూర్తిగా మూసుకున్నది 41.3 శాతం మందిలో, ఉత్త జెల్ వాడినవాళ్లలో 28.9 శాతం. 2022లో యూరప్‌లో, 2023 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఉత్త జెల్‌తోనే నూటికి దాదాపు 29 మందికి గాయం మూసుకుంది చూశారా? బేస్ గ్రూపు లేకపోయుంటే ఆ ఘనత కూడా బెరడు ఖాతాలోకే వెళ్లిపోయేది.